దొమ్మ గొర్రెను కోస్తే మందకే ముప్పు

సాయంత్రం దాకా మేసిన గొర్రె తెల్లవారేసరికి కడుపు ఉబ్బి చచ్చిపడి ఉంటుంది. ముక్కు నుంచి, వెనుక నుంచి నల్లటి నెత్తురు కారుతుంది. అది త్వరగా గడ్డకట్టదు. దొమ్మ రోగాన్ని అనుమానించడానికి ఈ గుర్తులు చాలు. అయినా చాలా పల్లెల్లో పశువుల డాక్టరుకు కబురు వెళ్లదు. గొర్రెను కోసి, పోగులు వేసి, తక్కువ ధరకు పంచేసుకుంటారు.

ఇందుకు కాపరిని తిట్టి లాభం లేదు. వేల రూపాయల జీవం పోయినప్పుడు నాలుగు డబ్బులైనా చేతికి రావాలని ఎవరికైనా ఉంటుంది. కాని ఆ నాలుగు డబ్బులకు ఊరు చెల్లించే మూల్యం చాలా ఎక్కువ.

కళేబరాన్ని కోయకుండా ఉంచితే, అది కుళ్లేటప్పుడు లోపలి దొమ్మ క్రిములు చాలావరకు నశిస్తాయి. కోసి గాలి తగలనిస్తే అవి గట్టి పెంకు కట్టుకుని విత్తనాల్లా మారతాయి. నెత్తురు పడిన నేలలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. స్కాట్లండు దగ్గరి గ్రూనార్డ్ దీవిలో 1942లో బ్రిటిషు సైన్యం గొర్రెలపై ఈ క్రిమిని ప్రయోగించి చూసింది. నేలను మందునీళ్లతో శుద్ధి చేసి, ఆ దీవికి ఇక భయం లేదని ప్రకటించేసరికి 1990 వచ్చింది. మన మేతబీళ్లను అలా కడిగేవారెవరు?

మనుషులకూ ముప్పు తప్పదు. కోసినవారి చేతికి గీటు ఉంటే చాలు, అక్కడ పొక్కు లేచి నడుమ నల్లటి చెక్కు కడుతుంది. నొప్పి ఉండదు కనుక చాలామంది ఊరుకుంటారు. వెంటనే ఆసుపత్రికి వెళితే మందులకు లొంగుతుంది. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. ఆ మాంసం తింటే కడుపులోకి చేరే రోగం మరింత ప్రమాదకరం.

రోగం తేల్చడానికి పోస్టుమార్టం అక్కర్లేదు, చేయనూ కూడదు. చెవి నరం నుంచి తీసిన నెత్తురు చుక్కను గాజుపలక మీద పూసి సూక్ష్మదర్శినిలో చూస్తే తెలుస్తుంది. కళేబరాన్ని ఈడ్చకుండా, తోలు తీయకుండా, కుక్కలు తవ్వలేనంత లోతు గోతిలో పూడ్చాలి.

2009 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఇటువంటి రోగాన్ని అనుమానిస్తే యజమాని తెలియజేయాలి. చట్టం ఉన్నంత మాత్రాన కబురు రాదు. చెబితే నష్టం పూడుతుందన్న నమ్మకం కాపరికి కలగాలి. దొమ్మతో చచ్చిన జీవానికి ప్రభుత్వం పరిహారం వెంటనే ఇవ్వాలి. కోయకూడని గొర్రెకు పోస్టుమార్టం కాగితం తెమ్మనరాదు. నెత్తురు పరీక్ష ఫలితాన్నే సాక్ష్యంగా తీసుకోవాలి.

టీకా కొత్తదేమీ కాదు. 1881లో ఫ్రాన్సులో పాశ్చర్ అందరి ముందూ పరీక్ష పెట్టినప్పుడు టీకా వేయని గొర్రెలన్నీ చచ్చాయి. వేసినవి రోగాన్ని తట్టుకున్నాయి. ఒకసారి దొమ్మ వచ్చిన ఊళ్ల జాబితా రాసి, ఏటా వానలకు ముందే అక్కడి మందలన్నింటికీ టీకా వేయాలి. పశువుల ఆసుపత్రికి కబురు అందిన రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ తెలియాలి.

అధికారులు తమ పని చేసేలోగా పల్లె చేయగలిగిన పని ఒకటుంది. ఉన్నట్టుండి చచ్చిన గొర్రె మీద కత్తి పెట్టకపోవడమే అది.