మోటారు పైకి లాగే ముందు కండెన్సర్ చూడండయ్యా

ఈ పోస్టు కొందరు మెకానిక్ తమ్ముళ్లకు నచ్చదు. అయినా రాస్తున్నా.

సింగిల్ ఫేజ్ బోరు మోటారు బటన్ నొక్కితే మూలిగి ట్రిప్ అయిందనుకోండి. కాలిపోయిందని ఒకాయన అంటాడు, మనం వెంటనే పైపులు లాగించేస్తాం. పోయిన ఎండాకాలం నేనూ అదే చేశా. 250 అడుగుల పైపు, నలుగురు మనుషులు, రెండు రోజులు. తీరా వైండింగ్ షాపులో వేరే డబ్బా తగిలించి చూస్తే మోటారు శుభ్రంగా తిరిగింది. పోయింది మన స్టార్టర్ డబ్బాలోని నల్ల కండెన్సర్! ఈలోపు వంగతోట వాడిపోయింది, లాగుడు కూలీ దండగ. మెకానిక్‌ని ఏమనను? డబ్బా మూత తియ్యని నన్ను నేనే అనుకోవాలి. పాత అంబాసిడర్ డిస్ట్రిబ్యూటర్‌లో వేలెడంత కండెన్సర్ పోయినా కారు మొరాయించేది. దానికి ఎవరైనా ఇంజిను దించారా?

డబ్బాలో రెండుంటాయి. నల్లది స్టార్టుకి, బటన్ పట్టిన రెండు మూడు సెకన్లే దాని పని. అది పోతే మోటారు మూలుగుతుంది, తిరగదు. రెండోది రన్ కండెన్సర్, మోటారు తిరిగినంతసేపూ లైన్లోనే ఉంటుంది. అది పోతే మోటారు లేస్తుంది గానీ ఆంపియర్లు ఎక్కువ లాగి వేడెక్కుతుంది. ఉబ్బితే పోయినట్టే. పైకి బాగున్నా లోపల విలువ పడిపోతుంది, మీటరు పెట్టి చూడాల్సిందే.

ఇక నాకు ఒళ్లు మండే సలహా ఒకటుంది. "36 ఎందుకన్నా, 50 వెయ్, గుర్రంలా లాగుద్ది" అని. లాగదయ్యా, రెండో వైండింగులో కరెంటు పెరిగి ఉడికిపోద్ది. 230 వోల్టులు రావాల్సిన చోట 180 వస్తే స్టార్టింగ్ బలం దాదాపు 40 శాతం పడిపోతుంది. దానికి పెద్ద కండెన్సర్ మందు కాదు. పాతదాని మీద ఉన్న నంబరునీ గుడ్డిగా నమ్మొద్దు, అదీ ఎవరో మార్చిందే కావచ్చు. డబ్బా మీదో మోటారు కాగితంలోనో రాసిన మైక్రోఫారడ్లే వెయ్యండి. 440 వోల్టులది ఉన్నచోట చవకని 250ది పెట్టొద్దు, పగులుద్ది.

మెయిన్ ఆపినా కండెన్సర్‌లో కరెంటు నిలిచుంటుంది, జాగ్రత్త. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్‌మనిపించడం మగతనం కాదు. బల్బు హోల్డర్ వైర్లు రెండు కాళ్లకీ తగిలించి దించండి.

మా పక్క చేను తమ్ముడు రేపు పొద్దున్నే చైన్ బ్లాక్ తెప్పిస్తున్నాడట. ఒరేయ్, ఇది చదివితే ముందు నాకు ఫోన్ చెయ్, మీటరు పట్టుకొస్తా.