నాలుగు మీటర్లకు ఏడు సెకన్లు

ముప్పై ఒక్కేళ్లు డ్రిల్లు మాస్టరుగా చేశాను. రిటైరైన రోజు శాలువాతో పాటు నా పాత స్టాప్‌వాచ్, లాంగ్‌జంప్ కొలిచే టేపు ఇంటికొచ్చి బీరువాలో పడ్డాయి. పోయిన సంక్రాంతి తర్వాత వాటిని మా అమ్మ కోసం బయటికి తీశాను.

అమ్మకు 82. కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్లో రెండేళ్ల కిందటి దాకా చెనిక్కాయలు ఒలవడానికి కూలికి పోయిన మనిషి. చేతి వెండి కడియం మోచేతి దాకా జారుతోందని మొదట చూసింది మా కోడలు. మంచం మీంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాలి. ఉప్పు డబ్బా మూత తిప్పలేకపోతోంది. టౌన్లో డాక్టరుకు చూపిస్తే బీపీ, షుగరు బాగున్నాయన్నాడు. "వయసైపోయింది కదా మాస్టారూ!" అని చీటీ చేతికిచ్చాడు. ఊరికొచ్చాక ఆర్‌ఎంపీ ఒక గ్లూకోజు బాటిల్ ఎక్కించి ఐదు వందలు తీసుకున్నాడు. 5 శాతం గ్లూకోజు అర లీటరు బాటిల్లో ఉండేది 25 గ్రాముల చక్కెర. అమ్మ రోజూ తాగే టీలో అంత చక్కెర పడనే పడుతుంది. అయినా మా ఊళ్లో ముసలోళ్లంతా సత్తువ తగ్గితే ఆ బాటిల్ దగ్గరికే పోతారు.

ఈ సత్తువ తగ్గడానికి వైద్యంలో ఫ్రెయిల్టీ అని పేరుంది. 2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ బృందం దీనికి ఐదు గుర్తులు పెట్టింది: ఏడాదిలో నాలుగున్నర కిలోలు తగ్గడం, ఊరకే అలసట, చేతి పట్టు సడలడం, నడక మందగించడం, ఒంటి కదలిక తగ్గడం. మూడు కనిపిస్తే ఫ్రెయిల్టీ కిందే లెక్క. అమ్మ బరువు ఇప్పుడు 38 కిలోలు. నిరుడు ఎంతుందో ఎవరు తూచారు గనక! ఇక ఒంటి కదలిక తేల్చడానికి వాళ్లు వేసిన ప్రశ్నల్లో గోల్ఫ్, టెన్నిస్, పచ్చిక కోసే మిషను తోలడం ఉన్నాయి. కరువు సీమలో పుట్టి బతుకంతా వంగి కలుపు తీసిన మనిషిని ఏమని అడగాలి?

నడకను మాత్రం ఎవరైనా కొలవొచ్చు. వసారాలో నాలుగు మీటర్లు టేపుతో కొలిచి సుద్దముక్కతో గీతలు గీశాను. "ఏమిరా, ఈ వయసులో నన్ను పందేనికి నిలబెడతాండావా?" అంది. మామూలుగా నడవమన్నాను. ఏడు సెకన్లు. ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టిన లెక్క ప్రకారం సెకనుకు మీటరు కన్నా తగ్గితే మందనడకే. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేవమంటే ఒక్కసారీ లేవలేకపోయింది.

తర్వాత కంచం చూశాను. పొద్దున టీ, బన్ను. మధ్యాహ్నం సంగటి ముద్ద, పల్చటి చారు. రాత్రి అదే ముద్ద మజ్జిగలో. ముసలివాళ్లకు కిలో బరువుకు గ్రాము మాంసకృత్తులైనా కావాలంటారు. నా లెక్కలో అమ్మకు సగం కూడా అందట్లేదు. చెనిక్కాయకు పేరుబడ్డ జిల్లా మాది. వంద గ్రాముల విత్తనాల్లో పాతిక గ్రాముల మాంసకృత్తులుంటాయి. కానీ నోట్లో మిగిలింది నాలుగు పళ్లు, నమిలేదెట్లా? వేయించి పొడి కొట్టి సంగట్లో కలిపాం. ఉలవలు మెత్తగా ఉడికించి మెదిపాం. రోజుకో గుడ్డు. (కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఇట్లా చేయొద్దు.)

తిండి ఒక్కటే చాలదు. 1994లో బోస్టన్‌లో ఒక వృద్ధుల ఆశ్రమంలో వంద మందిని తీసుకుని పది వారాలు చూశారు. సగటు వయసు 87. కాళ్లతో బరువులెత్తే వ్యాయామం చేసినవాళ్ల బలం రెట్టింపు దాటింది. ఉత్త పోషకాల పానీయం తాగినవాళ్లకు చెప్పుకోదగ్గ ఫలితం లేదు. అందుకని అమ్మను గోడ పట్టుకుని కుర్చీలోంచి లేవమనడం మొదలుపెట్టాను, పూటకు పదిసార్లు. తిట్టుకుంటూనే చేస్తుంది. నాలుగు మీటర్లు ఇప్పుడు ఐదున్నర సెకన్లకు వచ్చింది. కడియం ఇంకా జారుతూనే ఉంది.

పల్లెల్లో ఈ కొలత సాగదనేవాళ్లకు ఒక మాట. 2017-18లో ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్ నడిపిన లాసీ అనే వృద్ధాప్య సర్వేలో దేశమంతా 72 వేల మందికి పైగా పాల్గొన్నారు. అందులో చేతి పట్టు, నడక కూడా కొలిచారు. మా ఊరి నర్సు ఏఎన్ఎమ్మ బీపీ మిషను, షుగర్ చుక్క చూసే డబ్బా పట్టుకుని ఇంటింటికీ వస్తుంది. ఆమె సంచిలో ఒక టేపు వేసి, రికార్డులో బరువుకో గడి, నడకకో గడి పెట్టమని నేను అడుగుతున్నాను. వాచీ ఆమె ఫోన్లోనే ఉంది.

మా వసారాలో గీతలు చూసి వీధిలో ముసలమ్మలు వస్తున్నారు. మొన్న ఒకటో తేదీన పింఛను తీసుకున్నాక ఒకామె వచ్చి నడిచింది. కొడుకులిద్దరూ బెంగళూర్లో మేస్త్రీ పనిలో ఉన్నారు, ఇంట్లో ఒక్కతే. తొమ్మిది సెకన్లు పట్టింది. "ఎంతొచ్చింది సార్?" అని అడిగింది. ఏఎన్ఎమ్మకు చెబితే రాసుకునే గడి లేదంది. నా పాత హాజరు పట్టీలో రాసిపెట్టాను.