మ్యాచ్ ఫిక్సింగ్: నిషేధాలున్నాయి, చట్టం ఏది?

హైదరాబాద్‌లో అజహరుద్దీన్ పేరెత్తితే ఇప్పటికీ రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి ఆ మణికట్టు మాయ, రెండోది ఫిక్సింగ్. 2000 డిసెంబర్‌లో బీసీసీఐ ఆయనపై జీవితకాల నిషేధం వేసింది. 99 టెస్టుల దగ్గరే ఆట ఆగిపోయింది. ఆ నిషేధం చెల్లదని 2012 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చింది. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. ఇక ఆడేదెక్కడ?

2013 ఐపీఎల్ సంగతి చూడండి. శ్రీశాంత్ సహా ముగ్గురు రాజస్థాన్ రాయల్స్ ఆటగాళ్లను ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. ముఠా నేరాల కోసం పెట్టిన మోకా చట్టం కూడా ప్రయోగించారు. 2015 జులైలో ఢిల్లీ కోర్టు నిందితులందరిపై అభియోగాలు కొట్టేసింది. బోర్డు నిషేధం మాత్రం ఆ తర్వాతా కొనసాగింది.

చిక్కు ఎక్కడుందంటే, మన దేశంలో ఫిక్సింగ్‌ను నేరమని చెప్పే ప్రత్యేక చట్టం లేదు. 2024 దాకా పోలీసులు పాత 420 సెక్షన్‌నే పట్టుకునేవారు. మోసం రుజువు కావాలంటే, ఎవరినో నమ్మించి వాళ్ల సొమ్ము రాబట్టినట్టు చూపాలి. టికెట్టు జనం ఇష్టంతోనే కొన్నారు కదా అని 2022 జనవరిలో కర్ణాటక హైకోర్టు ఈ సెక్షన్ ఫిక్సింగ్‌కు వర్తించదంది.

లండన్‌లో ఇలా జరగలేదు. 2010 లార్డ్స్ టెస్టులో డబ్బు కోసం నోబాల్స్ వేసిన కేసులో సల్మాన్ బట్, ఆసిఫ్, ఆమిర్ మరుసటి ఏడాదే జైలుకెళ్లారు. అక్కడి 2005 గ్యాంబ్లింగ్ చట్టం పందెంలో మోసాన్ని నేరంగా చూస్తుంది. శ్రీలంక 2019లో పదేళ్ల దాకా జైలు పడేలా చట్టం తెచ్చుకుంది. మన లా కమిషన్ కూడా 2018లోనే ఫిక్సింగ్‌ను నేరం చేయమంది. ఆ సిఫారసు కాగితం మీదే ఉంది.

బెట్టింగ్ మనకెలాగూ హరామే. ఫిక్సింగ్ అంతకు మించి, అమానత్‌లో ఖియానత్. కష్టపడి సంపాదించిన డబ్బుతో టికెట్టు కొన్నవాడి నమ్మకాన్ని అమ్ముకోవడం.

చట్టం వస్తే దొంగకే భయమని అనుకోకండి. అది లేనందుకు దోషి తప్పించుకుంటున్నాడు, నిర్దోషి మీద మచ్చ పోవడం లేదు. బోర్డు తలుపులు మూసుకుని వేసే శిక్ష కన్నా, సాక్ష్యాలు చూసి, రెండు పక్షాలూ విని కోర్టు ఇచ్చే తీర్పే ఇన్సాఫ్. అది పన్నెండేళ్ల తర్వాత కాదు, ఆటగాడికి ఆడే వయసు ఉండగానే రావాలి.