కారంచేడు గ్రామస్థులకు విజ్ఞప్తి: చెట్లను మోడు చేయనీయకుడు

రోహిణి కార్తె యెండలు మాడ్చివేయుచున్న దినములలో, బాటవెంట నీడనిచ్చుచుండిన వేపచెట్లను విద్యుత్తు తీగలకడ్డమను మిషతో ఒక్క పూటలో మోడులు గావించి, కొమ్మలను ట్రాక్టరుపై కెత్తుకొనిపోయినవారు, అడుగబోయిన మనకు చెప్పిన సమాధానము మీకందరకును దెలిసినదే: "కొడితేనేనండీ చెట్టు బాగా చిగురేసేది." ఈ మాట మనలోను వేళ్లూనియుండుటచేతనే నోరు మెదపకుంటిమి.

చిగిర్చుట నిజమే. ఆకులన్నియు నొక్కసారిగా పోయినపుడు చెట్టు, మానులోను వేళ్లలోను దాచుకొనిన పిండిపదార్థమును వెచ్చించి, బెరడు క్రింద నిద్రించు మొగ్గలను హడావుడిగా లేపును. కఱవుకాలమున విత్తనపుగింజలు వండుకొని తినుట యెట్టిదో యిదియు నట్టిదే. ఆ రెమ్మలు మాను లోతునుండి పుట్టినవి కావు. పైపొరకు మాత్రమే యంటియుండును. అవి బరువెక్కు నాటికి, నరికినచోట కుళ్లు దిగి, మోయవలసిన కలప తొఱ్ఱపడియుండును. 1977 నవంబరు ఉప్పెన నెఱిగిన యీ తీరమున, గాలివానకు భయపడి మోడుచేయువారు మఱింత సులువుగా విరుగు కొమ్మలనే పెంచుచున్నారు.

అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి చూచి తేల్చిన దేమన, చెట్టు మనవలె గాయమును మాన్పుకొనదు. చెడిన భాగమును గోడకట్టి లోననే విడిచి, పైని క్రొత్త కలప పెంచుకొనును. కొమ్మ మొదట ఉబ్బెత్తుగా నుండు కట్టు దీనికి కీలకము. మీ పెరటి వేపనే చూడుడు: ఆ కట్టునకు వెలుపల రంపముతో నున్నగా కోసినచోట అంచులు చుట్టుకొనివచ్చి మూసికొనును, మూరెడు మొద్దు వదలినచోట కుళ్లు చేరును, పైనుండి కత్తివేటులు వేసినచోట కొమ్మ కూలుచు బెరడును బారెడు చీల్చుకొనిపోవును.

అసలు రహస్యము వేఱు. కొట్టువానికి కొమ్మలే కూలి! రెండు రెమ్మలు తీయవలసినచోట వాడు మాను నడినెత్తిని తెగవేయుట అజ్ఞానమా? కట్టెల బేరము! ఎంత నరికిన నంత లాభమను నొప్పందము కుదిర్చి, పిమ్మట చెట్టు మేలుకొఱకే యని మనకు బోధించుట సిగ్గుమాలినతనము. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టమున్నను, మోడు చేసినవానిని మన వీధిలో నడిగిన యధికారి యెవడు?

జామను, నిమ్మను కత్తిరింపమా యందురు. కత్తిరింతుము, మన గంప నిండుటకు. మల్బరీని పట్టుపురుగు మేతకు. అది మన లాభము. అడవిలో నీడపడిన కొమ్మను చెట్టే యెండబెట్టి రాల్చుకొనుచున్నది. రోగమందురా, 2021 ప్రాంతమున తెలుగునాట వేపల చివళ్లు మాడిపోయినపుడు ఎండుపుల్లలను కోసి కాల్చుట యుచితమే. వరాహమిహిరుడు బృహత్సంహితలో శస్త్రము విధించినది రోగము సోకిన చెట్టునకే. ఆరోగ్యముగా నున్నదానిని కోయుమని కాదు.

కావున పంచాయతి యిట్లు తీర్మానింపవలయును: ఎండినది, విరిగినది, తెగులు సోకినది, తీగను తాకునది తప్ప మఱే కొమ్మయు ముట్టరాదు, నడినెత్తి తెగవేయరాదు, నడివేసవిలో కోత వలదు, బరువైన కొమ్మకు తొలికోత క్రిందినుండి పడవలయును, కూలి రొక్కముగా నీయవలయును, కలప పంచాయతికి చెందవలయును, చెట్లున్న వీధులలో తొడుగు గల తీగలు వేయుమని విద్యుత్తువారికి వ్రాయవలయును. రాబోవు గ్రామసభకు వచ్చి చేయి యెత్తుడు. రాలేనివారు సంతకమైనను పంపుడు.