ఇంటి క్రింది నేల



మా చెల్లెలు పండ్రెండేండ్లు కూడబెట్టిన సొమ్ముతో ఇల్లు కట్టుకొన్నది. రెండవ వర్షాకాలమున వంటయింటి నేల కుంగి, గోడ మూలనుండి మెట్లు మెట్లుగా బీటవాఱినది. "అక్కయ్యా, భీమా చేసియున్నాము గదా, భయమేల?" అని వ్రాసినది. పాలసీ కాగితములు తెప్పించి నేనును మావారును చదివితిమి. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

2021 ఏప్రిల్ నుండి మన దేశపు సాధారణ భీమా కంపెనీలు గృహములకు భారత్ గృహ రక్ష యను పాలసీని ఒకే నిబంధనలతో నిచ్చుచున్నవి. ఇల్లు నిలిచిన నేల కుంగుట, కొండచఱియలు విఱిగిపడుట అందు చేరియే యున్నవి. కాని ఆ వాక్యము వెంటనే మినహాయింపులు! క్రొత్త కట్టడము సర్దుకొనుటచే కలుగు బీటలు, పూడ్చిన నేల దిగుట, నదీసముద్రముల కోత, పనితనపు లోపము, త్రవ్వకములు, వీనికి సొమ్ము రాదు. చెల్లెలి స్థలము పూర్వము కుంట. కంపెనీవారు ఆ యొక్క మాటయే చూపి కాదనిరి. స్థలమమ్మినవాడు మాత్రము కుంట మాట యెత్తలేదు.

నేల కుంగుటకు కారణము లెన్నియో గలవు. హిమాలయమున జోషీమఠము పాత కొండచఱియల శిథిలములపై వెలసినది. 1976లోనే మిశ్రా సంఘమువారు హెచ్చరించిరి. 2023 జనవరిలో వందలాది యిండ్లు బీటలువాఱెను. మన సీమల నల్లరేగడి వానకు నీరు త్రాగి యుబ్బును, ఎండకు ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును; దానితోపాటు పునాదియు కదలును. అట్టిచోట తడియు ఎండయు చేరని లోతువఱకు గుంటలు త్రవ్వి, అడుగున కుండవలె వెడల్పుచేసి, ఇనుము, కాంక్రీటు నింపి కట్టవలెను. గోడ ప్రక్కనే అంట్లు తోము నీరు ఇంకుటయు, పెద్ద చెట్లు పెంచుటయు ముప్పే. ఇది మన చేతిలోని పని.

వరాహమిహిరుడు బృహత్సంహితలో భూపరీక్ష చెప్పినాడు. మూరెడు గుంట త్రవ్వి, ఆ మన్నే మరల పోయగా మిగిలినచో మంచి నేల, చాలనిచో చెడ్డది. చక్కని పరీక్షయే గాని, ఋతువు మాఱినప్పటి రేగడి యుబ్బు అది చెప్పదు. ఆ ఊరి వృద్ధురాండ్ర నడిగిన, అక్కడ పూర్వము నీరు నిలిచెడిదో లేదో ఒక్కమాటలో తేలును. చెల్లెలు అడుగలేదు, నేనును అడుగుమని చెప్పలేదు.

బీట కనబడినచో మరమ్మతునకు ముందే ఫొటో తీసి, కంపెనీకి తెలుపుడు. బీట కొనలయొద్ద పెన్సిలుతో గీత గీసి తేదీ వ్రాయుడు. చెల్లెలు పెరటి నీటిని గోడకు దూరముగా మఱలించి, అట్లే గీతలు గీయుచున్నది. మూడు మాసములుగా బీట గీత దాటలేదని మొన్న జాబు వ్రాసినది.