విస్ఫులింగం: లేదనడం తగదు, పోషించడం ధర్మం

"ఈ పిల్లవాడిలో స్పార్క్ ఉంది", "ఆ అమ్మాయిలో స్పార్క్ లేదు" అనే మాటలు నేడు మన ఇళ్ళలో, విద్యాలయాలలో, చివరకు ఆధ్యాత్మిక సభలలో సైతం తరచుగా వినిపిస్తున్నాయి. ప్రతిభ, ఉత్సాహం, చురుకుదనం అనే అర్థాలన్నింటినీ ఈ ఒక్క పరభాషా పదంలో ఇమిడ్చి, మనుష్యులను రెండు వర్గాలుగా విభజిస్తున్నాము. ఈ పదానికి సమానార్థకమైన "విస్ఫులింగం" ఉపనిషత్తులలో గంభీరమైన స్థానం గల శబ్దం. శ్రుతి దానిని ఏ తాత్పర్యంతో ప్రయోగించిందో పరిశీలిస్తే, "స్పార్క్ లేదు" అనే తీర్పు ఎంత శాస్త్రవిరుద్ధమో బోధపడుతుంది. అటువంటి తీర్పును ఒకనాడు స్వయంగా ఇచ్చినవాడను కనుక ఈ విచారణ నాకు అవసరమైంది.

ముందుగా శబ్దవిచారం. అమరకోశం స్ఫులింగ శబ్దానికి అగ్నికణమని అర్థం చెప్పి, అది మూడు లింగాలలోనూ ప్రయుక్తమవుతుందని పేర్కొన్నది. ధాతుపాఠంలో స్ఫుర, స్ఫుల అనేవి సోదర ధాతువులు. మొదటిదాని నుండి స్ఫురణ, స్ఫూర్తి అనే పదాలు వచ్చాయి. స్ఫులింగాన్ని రెండవదానితో అనుసంధిస్తారు. రెండింటిలోనూ చలనం, మెరుపు అనే భావాలు కలిసి ఉన్నాయి. ముండకోపనిషత్తు అగ్నిదేవుని సప్తజిహ్వలలో ఒకదానిని స్ఫులింగిని అని పేర్కొన్నది. మన తెలుగులో నిప్పుకణాన్ని రవ్వ అంటాము, మిణుగురు అంటాము. రవ్వ వజ్రపు తునకకు కూడా పేరే. "రవ్వంత" అంటే అత్యల్పమని అర్థం. అల్పత్వం, అమూల్యత్వం రెండూ ఒకే పదంలో ఒదిగి ఉన్నాయి. మిణుగురు రాత్రివేళ మెరిసే పురుగుకు కూడా పేరని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఆ అర్థంతో ముందు పని ఉన్నది.

ముండకోపనిషత్తు ద్వితీయ ముండకం ఆరంభంలోనే, బాగుగా ప్రజ్వలించే అగ్ని నుండి వేలకొలది విస్ఫులింగాలు వెలువడినట్లు అక్షరం నుండి వివిధ భావాలు జనించి, మరల అందులోనే లయిస్తాయని చెప్పబడింది. అక్కడ విస్ఫులింగాలకు శ్రుతి ఇచ్చిన విశేషణం "సరూపాః" అన్నది. అగ్నితో సమానమైన లక్షణం గలవి అని శంకర భగవత్పాదుల వ్యాఖ్యానం. రవ్వ ఎంత చిన్నదైనా ఉష్ణం, ప్రకాశం అనే అగ్నిలక్షణాలు దానిలో లోపించవు. బృహదారణ్యకంలో కాశీరాజు అజాతశత్రువు గార్గ్యుడైన బాలాకికి ఉపదేశించేటప్పుడు కూడా ఇదే దృష్టాంతాన్ని వాడాడు. ఆ సందర్భంలోని భాష్యంలో శంకరులు సంప్రదాయవేత్తల కథనొకటి చెప్పారు. పుట్టగానే తల్లిదండ్రులు విడిచిన రాజపుత్రుడు వ్యాధుని ఇంట పెరిగి, తానూ వ్యాధుడననే అనుకున్నాడు. ఎరిగినవాడొకడు "నీవు రాజపుత్రుడవు" అని తెలిపిన క్షణంలో ఆ భ్రాంతి తొలగిపోయింది. తెలిపినవాడు అతనికి రాజత్వాన్ని క్రొత్తగా ఇవ్వలేదు, ఉన్నదానిని ఎరుకపరచాడు.

నిరవయవమైన బ్రహ్మకు అంశ ఎట్లా సంభవిస్తుందనే ప్రశ్న సహజమే. బ్రహ్మసూత్రాల అంశాధికరణంలో శంకరులు జీవుడు "అంశ వంటివాడు" అన్నారు. రామానుజాచార్యులు విశిష్ట వస్తువుకు విశేషణమే అంశ అని నిర్ణయించారు. గౌడపాదులు తమ కారికలలో మృత్తిక, లోహం, విస్ఫులింగం అనే దృష్టాంతాలన్నీ బుద్ధిని ఏకత్వంలో ప్రవేశపెట్టే ఉపాయాలు మాత్రమే అన్నారు. సిద్ధాంతాలు భిన్నమైనా, జీవుడు చైతన్యహీనుడని వీరిలో ఎవ్వరూ అనలేదు. ఆ మాట అనే సాహసం నావంటి అల్పజ్ఞులకే చెల్లింది.

కొన్నేళ్ళుగా ఆదివారం ఉదయం ఆరు గంటలకు మా వీధి పిల్లలకు భగవద్గీత పఠనం నేర్పుతున్నాను. "స్నానం చేసి, ఏమీ తినకుండా రావాలి" అన్నది నేను విధించిన నియమం. పదిహేనవ అధ్యాయం సాగుతున్న రోజులలో తొమ్మిదేళ్ళ బాలుడొకడు నాలుగు శ్లోకాలు దాటలేకపోయేవాడు. తోటి పిల్లలు ఇరవై శ్లోకాలూ అప్పగించిన నాడు వాని నాయనమ్మతో, "అమ్మా, వీడిలో స్పార్క్ లేదు, ఊరికే శ్రమపెట్టకండి" అన్నాను. వాడు ప్రక్కనే నిలబడి ఉన్నాడు.

ఆమె కోపగించలేదు. "వాళ్ళమ్మ శనివారం రాత్రి డ్యూటీకి వెళ్తుంది బాబూ. వీడు ఏదో నాలుగు మెతుకులు తిని పడుకుంటాడు. పొద్దున మీరు తినవద్దన్నారని మంచినీళ్ళు తాగి వస్తాడు" అని మాత్రం చెప్పి, వాని చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. తరువాతి ఆదివారం వాడు రాలేదు.

"మంచినీళ్ళు తాగి" అన్న మాట నన్ను వదలలేదు. ఛాందోగ్యం షష్ఠాధ్యాయం మరల తెరిచాను. పన్నెండేళ్ళు గురుకులంలో సర్వవేదాలూ చదివి, 24వ ఏట గర్వంతో ఇల్లు చేరిన శ్వేతకేతువును తండ్రి ఉద్దాలకుడు 15 దినాలు నిరాహారంగా, నీరు మాత్రం త్రాగుతూ ఉండమన్నాడు. ఆ తరువాత ఋక్కులు, యజుస్సులు, సామాలు చెప్పమని అడిగితే, తనకేవీ స్ఫురించడం లేదన్నాడు కుమారుడు. మహాగ్ని చల్లారి ఖద్యోతమంత నిప్పుకణిక ఒక్కటి మిగిలితే అది దేనినీ అంతగా దహింపజాలదు. నీ షోడశ కళలలో అట్లే ఒక్కటి మిగిలింది. వెళ్ళి భుజించి రా అన్నాడు తండ్రి. శ్వేతకేతువు భుజించి వచ్చి అడిగినదంతా చెప్పాడు. ఆ కణికపై తృణాలు వేసి ప్రజ్వలింపజేసినట్లే ఇదీ అని, మనస్సు అన్నమయమని తండ్రి బోధించాడు. ఖద్యోతమంటే మన మిణుగురే. వేదమంతా మరచిన కుమారునిలో ఉద్దాలకుడు ఆ మిణుగురును చూచాడు. "నీలో అగ్ని లేదు" అనలేదు, "తిని రా" అన్నాడు.

నా అవివేకానికి మరొక పార్శ్వం ఉన్నది. నేను నేర్పుతున్న అధ్యాయంలోనే ఏడవ శ్లోకం జీవుడు భగవదంశ అంటుంది. పద్నాలుగవ శ్లోకం భగవానుడే వైశ్వానరాగ్నియై ప్రాణుల దేహాలలో చతుర్విధాన్నాన్ని పచనం చేస్తున్నాడంటుంది. ఆ వైశ్వానరునికి ఆహుతి లేకుండా చేసి, ఆ శ్లోకాన్నే అప్పగించమని పిల్లవాణ్ణి నిలదీశాను.

ఉపవాస నియమం వ్యర్థమా అని కొందరు అడుగవచ్చు. ఉపవాసం ఎరిగిన సాధకుడు స్వయంగా స్వీకరించే వ్రతం. శ్వేతకేతువు ఉపవాసం సైతం భోజనంతోనే సమాప్తమైంది. అందరి ధారణాశక్తి సమానమా అని మరికొందరు అడుగవచ్చు. సమానం కాదు. సంస్కారం, ఆరోగ్యం, అభ్యాసం, ఇంటి పరిస్థితి భిన్నంగా ఉంటాయి. అవి ఇంధనంలోని తారతమ్యాలు. కట్టె తడిసి ఉన్నదని నిప్పును నిందించడం న్యాయం కాదు.

ఛాందోగ్యంలోని పంచాగ్నివిద్య పురుషుని కూడా ఒక అగ్నిగా భావించమంటుంది. ఆ అగ్నికి వాక్కు సమిధ, శ్రోత్రం విస్ఫులింగం. అందులో దేవతలు హోమం చేసేది అన్నాన్ని. బోధించే ప్రతివారూ మననం చేయదగిన ఉపాసన ఇది. ఎదుట కూర్చున్న బిడ్డ చెవిలో రవ్వ సిద్ధంగా ఉన్నది. మన నోటి మాట దానికి సమిధ కావచ్చు, దానిపై చల్లిన నీళ్ళూ కావచ్చు.

నేను వారి ఇంటికి వెళ్ళి ఆ బాలుని ఎదుటనే నాయనమ్మకు నా తప్పు చెప్పుకున్నాను. ఇప్పుడు మా తరగతి అటుకులు, బెల్లం, అరటిపండుతో మొదలవుతుంది. వాడు తిరిగి వచ్చాడు. ఇంతవరకు పదకొండు శ్లోకాలు వచ్చాయి. మిగిలిన తొమ్మిదింటికి నాకు తొందర లేదు.

శ్రీకృష్ణార్పణమస్తు.