నాలుగు మీటర్ల లోపు డీజిల్: కొనేవాడి లెక్క, సర్కారు లెక్క

మెయిన్స్‌లో డీజిల్ వాహనాల మీద ప్రశ్న రాగానే మనలో చాలామంది కలం ఒకే దారి పడుతుంది. ఢిల్లీ శీతాకాలం, పొగమంచు, ఎలక్ట్రిక్ వాహనాలు, చివర్లో సుస్థిరాభివృద్ధి. ఇవేవీ తప్పు కాదు. కానీ పది పన్నెండు లక్షలు పోసి కొత్త డీజిల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ కొనే మనిషి ఎవరు? పర్యావరణం పట్టని స్వార్థపరుడా, లేక ప్రభుత్వం కట్టిన పన్నుల మెట్ల మీదుగా బుద్ధిగా నడిచి షోరూముకు వచ్చినవాడా? రెండోదే నిజమని నా అభిప్రాయం. మన కార్ల పన్ను కొలవాల్సినదాన్ని వదిలేసి టేపుతో పొడవు కొలుస్తోంది. 2025 జీఎస్టీ మార్పులతో ఆ లోపం తగ్గకపోగా ఇంకొంచెం పెరిగింది.

కథ 2006-07 బడ్జెట్‌తో మొదలవుతుంది. అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారంటే ఏమిటి? పొడవు 4,000 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇంజిన్ పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ లోపు ఉండాలి. సామాన్యుడికి చవకైన కారు అందాలన్నది ఉద్దేశం. కంపెనీలు ఆ వాక్యాన్ని మనకంటే శ్రద్ధగా చదివాయి. కారును ఎత్తు పెంచి, టైర్లు పెద్దవి వేసి, పొడవు మాత్రం గీతకు అయిదారు మిల్లీమీటర్లు ఇవతల ఆపాయి. 2016 బ్రెజా 3,995, 2017లో వచ్చిన నెక్సాన్ 3,994, 2019 వెన్యూ 3,995, పెనుకొండ దగ్గరి ప్లాంటులో తయారయ్యే సోనెట్ కూడా 3,995. ఇంత మంది ఇంజనీర్లకు ఒకే కొలత తోచడం కాకతాళీయం కాదు. ఎస్‌యూవీ రూపం, చిన్న కారు పన్ను. ప్రపంచంలో మరెక్కడా ఇంతగా లేని ఒక తరగతి మన బడ్జెట్ పత్రం నుంచి పుట్టింది.

దీనికి డీజిల్ ధర తోడైంది. రైతు, లారీ, ఆర్టీసీ బస్సు కోసం డీజిల్‌ను ప్రభుత్వం తక్కువ ధరకు ఉంచేది. 2010 జూన్‌లో పెట్రోలు ధరపై నియంత్రణ ఎత్తేసినా డీజిల్ జోలికి పోలేదు. 2012 మే నాటికి ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలు దాటింది. డీజిల్ 41 రూపాయలు కూడా లేదు. ట్రాక్టరు కోసం పెట్టిన రాయితీ కారు ట్యాంకులోకి కారిపోతోందని కిరీట్ పారిఖ్ నిపుణుల బృందం 2010 ఫిబ్రవరిలోనే గమనించి, డీజిల్ కారుపై 80,000 రూపాయల అదనపు సుంకం వేయమంది. ఎవరూ వేయలేదు. చివరికి 2013 జనవరి నుంచి నెలకు యాభై పైసల లెక్కన పెంచుకుంటూ పోయి, 2014 అక్టోబరులో డీజిల్‌నూ మార్కెట్‌కు వదిలారు. రాయితీని జనం మీద ఒక్కసారిగా పడకుండా ఎలా తీసేయవచ్చో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మీకు దొరకదు.

మరి ఇవాళ డీజిల్ కొనడం లాభమేనా? కాగితం మీద వేసి చూద్దాం. 2024 మార్చి తగ్గింపు తర్వాతి హైదరాబాద్ ధరలు తీసుకోండి: పెట్రోలు 107.41, డీజిల్ 95.65. రోడ్డు మీద పెట్రోలు బండి లీటరుకు 14, డీజిల్ బండి 18 కిలోమీటర్లు ఇస్తాయనుకుందాం. కిలోమీటరుకు పెట్రోలు 7.67, డీజిల్ 5.31 రూపాయలు. తేడా 2.36. డీజిల్ బండికి మొదట్లో లక్షన్నర ఎక్కువ పెట్టామనుకుంటే, ఆ డబ్బు తిరిగి రావడానికి సుమారు 63,500 కిలోమీటర్లు తిరగాలి.

మా పెద్దబావ అనంతపురంలో డ్రిప్ పైపుల వ్యాపారం చేస్తాడు. కదిరి, కళ్యాణదుర్గం, రాయదుర్గం అంటూ నెలకు రెండు వేల కిలోమీటర్లకు తగ్గకుండా తిరుగుతాడు. ఆయనకు లక్షన్నర మూడేళ్లలోపే వచ్చేస్తుంది. వెనక సీట్లు మడిచి సామాను నింపుకుని ఎత్తు ఎక్కినా బండి రొప్పదు. తక్కువ ఆర్‌పీఎం దగ్గరే దొరికే టార్క్ డీజిల్ సొత్తు. ఆయన ఆ బండి కొనడంలో తప్పు పట్టడానికి నాకేమీ కనబడదు.

మేము అద్దెకుండే వీధిలో ఒక రిటైర్డ్ ఉద్యోగి అలాంటి బండే కొన్నారు. కూరగాయల మార్కెట్, గుడి, మనవరాలి స్కూలు. రోజుకు ఆరేడు కిలోమీటర్లు, అదీ ట్రాఫిక్‌లో. కొన్ని నెలలకే డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. అది డీపీఎఫ్ హెచ్చరిక. బీఎస్-6 డీజిల్ కార్లకు పొగగొట్టంలో ఉండే ఈ జల్లెడ మసిని పట్టి ఉంచుతుంది. జల్లెడ నిండాక, ఇంజిన్ కొంచెం అదనపు డీజిల్ చల్లి లోపలి వేడిని 600 డిగ్రీల దాకా తెచ్చి మసిని కాల్చేస్తుంది. అందుకు బండి కొంతసేపు ఆగకుండా, ఒకే వేగంతో పోవాలి. మధ్యలో తాళం తిప్పేస్తే పని సగంలో ఆగుతుంది. కాలని డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లో చేరుతుంది. సర్వీసు సెంటర్ వాళ్లు ఆయనకు ఇచ్చిన సలహా, ఆదివారాలు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక నలభై కిలోమీటర్లు తిప్పి రమ్మని. కాలుష్యం ఆపే జల్లెడను శుభ్రం చేయడానికి పనిలేని ప్రయాణం! కొనేటప్పుడు షోరూములో సన్‌రూఫ్ గురించి అరగంట చెప్పారట, దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదట.

ఇప్పుడు ఈ ఇద్దరి బండ్ల మీదా పన్ను ఎంత? ఒకటే. ఇక్కడే 2025 మార్పును నిదానంగా చదవండి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు చిన్న పెట్రోలు కారుకు 28 శాతంపై 1 శాతం సెస్సు, చిన్న డీజిల్ కారుకు 3 శాతం సెస్సు వేశారు. తేడా రెండు శాతమే అయినా, డీజిల్ పొగకు సమాజం చెల్లించే మూల్యం వేరన్న ఒప్పుకోలు అందులో ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రెండూ 18 శాతంలోకి వచ్చాయి. పెట్రోలు కారుకు 11 పాయింట్లు తగ్గితే డీజిల్‌కు 13 తగ్గాయి. నాలుగు మీటర్లు దాటిన పెట్రోలు కారుకు, చివరికి హైబ్రిడ్‌కు కూడా, 40 శాతం. 2023 సెప్టెంబరులో రవాణా మంత్రి గడ్కరీ డీజిల్ వాహనాలపై అదనంగా 10 శాతం జీఎస్టీ వేయాలని అని, అదే రోజు అలాంటి ప్రతిపాదన ఏదీ లేదని వివరణ ఇచ్చారు. రెండేళ్లకు జరిగింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

నేను డీజిల్ వ్యతిరేకిని అనుకోకండి. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.31 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, డీజిల్ కాలితే 2.68. పైన అనుకున్న మైలేజీతో భాగిస్తే కిలోమీటరుకు పెట్రోలు బండి 165 గ్రాములు, డీజిల్ బండి 149 గ్రాములు. అంటే వాతావరణ మార్పు కోణంలో డీజిలే మేలు. ఊపిరితిత్తుల కోణంలో కథ తిరగబడుతుంది. డీజిల్ పొగను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. బీఎస్-4 నుంచి బీఎస్-6కు మారినప్పుడు డీజిల్ కార్ల నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి, సూక్ష్మకణాలది 25 నుంచి 4.5కు దిగింది. ఇవాళ్టి డీజిల్ పదేళ్ల కిందటి డీజిల్ కాదు. అయినా జల్లెడ పనిచేస్తేనే ఆ అంకె నిజం. జీఎస్ పేపర్ 3లో "కాలుష్యం" అని ఒకే మాట రాసి ఈ రెండింటినీ కలిపేస్తే మార్కులు అక్కడే పోతాయి.

పొడవుతో కొలవడాన్ని సమర్థించే వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. పొడవు, సీసీ ఎవరు కొలిచినా ఒకటే. అధికారి విచక్షణకు తావుండదు, వివాదాలు తక్కువ. ఢిల్లీలో పదేళ్ల డీజిల్ నిబంధన కూడా ఇదే సౌలభ్యం మీద నిలబడింది: ఆర్‌సీలో తేదీ చూస్తే చాలు. ఎన్‌జీటీ 2015లో ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో బలపరిచింది. మా పొరుగాయన ఢిల్లీలో ఉండి ఉంటే చూడండి: అక్కడి 2024 మార్చి ధరల్లో, పెట్రోలు 94.72, డీజిల్ 87.62తో, లక్షన్నర తిరిగి రావడానికి దాదాపు 79,000 కిలోమీటర్లు కావాలి. నెలకు 600 చొప్పున తిరిగినా పదేళ్లలో అయ్యేది 72,000. పెట్టుబడి రాకముందే బండి కాలం చెల్లుతుంది. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టే ఒక అడుగు వేసింది. వయసు మీరినా బీఎస్-4, ఆపై ప్రమాణాల బండ్లకు రక్షణ ఉంచి, అంతకంటే పాతవాటిపై చర్యలకు దారి తెరిచింది. క్యాలెండర్ నుంచి ఉద్గార ప్రమాణం వైపు జరిగిన కదలిక అది.

పన్నుకు కూడా ఆ దారి మూసి లేదు. సగటు ఇంధన సామర్థ్య నిబంధనల కింద 2022-23 నుంచి కంపెనీల సగటు కిలోమీటరుకు 113 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ లక్ష్యంలో ఉండాలి. అందుకోసం ప్రతి మోడల్ అంకె ఇప్పటికే సర్కారు దగ్గర ఉంది. ఆ గ్రాముల మీద పన్ను, డీజిల్ పొగకు విడిగా ఒక రుసుము వేస్తే టేపు అవసరమే ఉండదు. వాడకాన్ని బట్టి వసూలు చేయాల్సిన భాగాన్ని ఇంధనం మీద వేయాలి. కానీ 279ఏ(5) అధికరణం ప్రకారం పెట్రోలు, డీజిల్ ఎప్పుడు జీఎస్టీలోకి రావాలో మండలే సిఫారసు చేయాలి. రాష్ట్రాలు తమ వ్యాట్ రాబడిని అంత సులువుగా వదులుకోవు. సంస్కరణ ఆగింది ఇంజిన్ దగ్గర కాదు, ఆ బల్ల దగ్గర.

సాధన ప్రశ్న (250 పదాలు): "వాహన పన్నుల్లో పరిమాణం, వయసు ప్రమాణాలుగా ఉండటం పరిపాలనకు సులువు, పర్యావరణానికి కాదు." బీఎస్-6 ప్రమాణాలు, 2025 జీఎస్టీ మార్పుల వెలుగులో చర్చించండి. జవాబులో మా బావ బండినీ, పొరుగాయన బండినీ ఒకే వాక్యంలో తీర్పు చెప్పకుండా రాయగలిగితే కామెంట్లలో పెట్టండి, చదివి దిద్దుతాను.